ఇంట్లో చేసుకునే స్పేస్ సూట్‌కి గుడ్డ, సామాను: చెన్నైలో ఏం అడగాలి, ఎక్కడ కొనాలి, ఏ వరసలో కొనాలి

"స్పేస్ సూట్ కుట్టాలన్నా, గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?" అని చెన్నైలో షార్ట్ ఫిల్ములు తీసే మన తెలుగు కుర్రాళ్లు తరచూ అడుగుతూనే ఉంటారు. నేను వాయిస్ మెసేజ్‌లో ఏదో చెప్తాను, వాళ్లు సగం విని టీ నగర్ వెళ్లి మెరిసే వెండి గుడ్డ ఐదు మీటర్లు కొనేస్తారు, కుట్టించాక ఫొటో పంపి "ఎక్కడో తేడా కొడుతోందన్నా" అంటారు. అందుకే ఈసారి మొత్తం వరసగా రాసేస్తున్నా.

నేను సినిమా కాస్ట్యూమర్‌ని కాదు. మాది సూళ్లూరుపేట, ఉద్యోగం చెన్నైలో, సెలవుల్లో ఫ్రెండ్స్ సినిమాలకి డ్రెస్సులు చేస్తుంటాను. ఇప్పటికి నాలుగు సూట్లు చేశాను, మొదటి రెండూ దండగయ్యాయి. కింద రాసిన తప్పుల్లో చాలావరకు ఆ రెండిటివే.

నా మొదటి సూట్‌కి గోడౌన్ స్ట్రీట్‌లో ఒక షాపుకెళ్లి "స్పేస్ సూట్‌కి గుడ్డ కావాలన్నా" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని "పెళ్లికా, రిసెప్షన్‌కా తమ్ముడూ?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు, సూట్ అంటే ఆయనకి తెలిసింది అదే. ఇంకోసారి వెళ్లి "బ్యాగులకి వాడే నైలాన్, వెనక కోటింగ్ ఉన్నది, మెరవకూడదు, బూడిద రంగు" అన్నాను. అర నిమిషంలో మూడు తానులు బల్ల మీద పరిచాడు.

కాబట్టి సైన్స్ ఫిక్షన్ గుడ్డ అని షాపులో ఎక్కడా ఉండదు. మనకి కావలసినవన్నీ చెప్పులకి, బ్యాగులకి, కారు సీట్లకి, యూనిఫాంలకి, గొడుగులకి వాడే సరుకులే. ఆ పని పేరు చెప్పి అడగండి, దొరుకుతాయి.

## 1. కొనే ముందు సూట్‌ని కాగితం మీద విప్పేయండి

ఇంటర్నెట్‌లో నచ్చిన ఫొటో పట్టుకుని బజారుకి వెళ్లకండి. ముందు ఆ డ్రెస్‌ని పొరలుగా విడదీసి రాసుకోవాలి. లోపల ఒంటికి తగిలేది ఏంటి, దాని మీద అసలు సూట్ ఏంటి, సూట్ మీద కవచం ఎక్కడెక్కడ వస్తుంది, ఆ కవచాన్ని పట్టి ఉంచే పట్టీలేంటి, హెల్మెట్, వీపు మీద పెట్టె, లైట్లు. ఒక్కో పొరకీ ఒక్కో బజారు, అందుకే ఈ విడదీయడం.

తర్వాత డైరెక్టర్‌ని కూర్చోబెట్టి ఇవి అడగండి. సిగ్గుపడొద్దు, ఒక్కో జవాబుకీ ఒక గుడ్డ లిస్టులోంచి పోతుంది.

- నటుడు పరిగెత్తాలా, కూర్చోవాలా, నేల మీద పాకాలా?
- నీళ్లు, వాన, బురద ఉన్నాయా?
- వెనక గ్రీన్ మ్యాట్, అంటే తర్వాత కంప్యూటర్‌లో వేరే దృశ్యం పెట్టడానికి కట్టే పచ్చ తెర, కడతారా? కడితే సూట్‌లో పచ్చ ఎక్కడా ఉండకూడదు, మెరిసేది కూడా వద్దు, ఎందుకంటే మెరిసే ప్లేటులో ఆ పచ్చ కనబడుతుంది, ఎడిటర్ దాన్ని తీసేసేటప్పుడు నటుడి భుజానికి చిల్లు పడుతుంది.
- డైలాగ్ అక్కడే రికార్డ్ చేస్తారా, తర్వాత డబ్బింగా? అక్కడే అయితే చప్పుడు చేసే గుడ్డ పనికిరాదు.
- క్లోజప్ ఉందా? లేకపోతే కుట్ల మీద అంత ఖర్చు అక్కర్లేదు.
- సూట్ ఒక్కటి చాలా, చిరిగిన సీన్‌కి ఇంకోటి కావాలా?

రంగు కూడా ఇక్కడే తేల్చుకోండి. అంతరిక్షంలో నడిచేటప్పుడు వేసుకునే అసలు సూట్లు తెల్లగా ఉండేది ఎండ వేడిని తిప్పికొట్టడానికి, అమెరికా స్పేస్ షటిల్ వ్యోమగాములు ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు వేసుకున్న సూట్లు నారింజ రంగులో ఉండేది సముద్రంలో పడినా వెతికేవాళ్లకి కనబడాలని. మీ పాత్ర చేసే పనిని బట్టి రంగు పెడితే చూసేవాళ్లు నమ్ముతారు. ఒక హెచ్చరిక, తళతళలాడే తెలుపు మాత్రం కొనకండి, కెమెరాలో మడతలన్నీ మాయమై తెల్లటి మచ్చలా వస్తుంది. లేత బూడిద, లేదా పాలమీగడ రంగు తీసుకుంటే తెరమీద అదే తెల్లగా కనిపిస్తుంది.

## 2. కొలతలు, మీటర్ల లెక్క

మామూలు షర్ట్, ప్యాంటు కొలతలు ఇక్కడ చాలవు. పైనుంచి కింద దాకా ఒకటే సూట్ అయితే ముఖ్యమైన కొలత ఒకటుంది. టేపుని ఒక భుజం మీంచి ముందుకు దించి, కాళ్ల సందులోంచి వెనక్కి తీసి, మళ్లీ అదే భుజం దాకా తీసుకురావాలి. దానికి కనీసం మూడు నాలుగు అంగుళాలు వదులు కలపండి. నా మొదటి సూట్‌లో ఈ కొలత తీయలేదు, హీరో నిలబడితే బ్రహ్మాండంగా ఉంది, కుర్చీలో కూర్చోగానే వెనక కుట్టు నిలువునా పోయింది.

షూస్ వేసుకునే కొలవండి. లోపల వేసుకునే టీషర్ట్, లెగ్గింగ్ కూడా ఒంటి మీద ఉండాలి.

గుడ్డ ఎంత కావాలన్నది పన్నాని, అంటే గుడ్డ వెడల్పుని బట్టి ఉంటుంది. సగటు ఎత్తు మనిషికి పొడుగు చేతుల సూట్ అయితే 58 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు, 44 అంగుళాల పన్నాలో నాలుగు మీటర్ల దాకా పడుతుంది. దాని మీద అర మీటరు ఎక్కువ కొనండి. షూటింగ్ మధ్యలో మోకాలు చిరిగితే అదే రంగు మళ్లీ దొరకదు, ఎందుకంటే ఒక తానుకీ ఇంకో తానుకీ అద్దకంలో కొంచెం తేడా ఉంటుంది, కంటికి తెలియకపోయినా కెమెరా పట్టేస్తుంది. అందుకే మొత్తం ఒకే తానులోంచి కోయించుకోవాలి.

అసలు గుడ్డ కొయ్యకముందు పాత దుప్పటితోనో మార్కిన్ గుడ్డతోనో ఒక నమూనా కుట్టించి నటుడికి తొడగండి. కూర్చోమనండి, చేతులు పైకెత్తమనండి, గొంతుక్కూర్చోమనండి. టైలర్ "ఎందుకు సార్ రెండు సార్లు కూలి" అంటాడు. ఇవ్వండి, దండగ కాదు.

## 3. ఏ గుడ్డ దేనికి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కాటన్ డ్రిల్, ట్విల్. యూనిఫాం షాపుల్లో దొరుకుతుంది. ఓడలో మెకానిక్, గని కార్మికుడు, పైలట్ లాంటి పాత్రలకి ఇంతకంటే మంచిది లేదు. గాలి ఆడుతుంది, రంగు పట్టుకుంటుంది, చప్పుడు చేయదు. కోసే ముందు తప్పకుండా ఒకసారి ఉతికి ఆరేయండి, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది. తొందరలో ఉంటే ఫ్యాక్టరీల్లో వేసుకునే రెడీమేడ్ కవరాల్ ఒకటి కొని దాని మీద పని మొదలుపెట్టండి, సగం పని అయిపోయినట్టే.

పారాచూట్ గుడ్డ, రిప్‌స్టాప్. సన్నటి నైలాన్. రిప్‌స్టాప్‌లో చిన్న చిన్న చదరపు గళ్లు ఉంటాయి, ఆ గళ్ల వల్లే దగ్గర షాట్‌లో ఇదేదో ల్యాబ్‌లో తయారైన గుడ్డలా కనబడుతుంది. ఇబ్బందులు మూడు. నడిస్తే సరసర చప్పుడు, మైక్ మొత్తం అదే. గాలి ఆడదు. అంచులు పోగులు లేస్తాయి, కాబట్టి కొవ్వొత్తి మంటకి ఒక్క క్షణం చూపించి అంచు కరిగించాలి, ముందు పనికిరాని ముక్క మీద సాధన చేసి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని.

లైక్రా. నాలుగు వైపులా సాగేదే కావాలని గట్టిగా చెప్పండి, రెండు వైపులే సాగేది ఇచ్చి "రెండూ ఒకటే" అంటారు. హోజరీ సరుకు అమ్మేచోట కిలో లెక్కన ఇస్తారు. పలచటిది కొంటే సాగినప్పుడు లోపలిది కనబడుతుంది, 220 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైన ఉన్నది అడగండి.

స్కూబా. పేరు చూసి రబ్బరు అనుకోకండి, ఇది దళసరిగా అల్లిన పాలిస్టర్ గుడ్డ. మడత పడదు, ఒంటికి నున్నగా అతుకుతుంది, అంచులు పోగులు లేవవు కాబట్టి కొత్తగా కుట్టేవాళ్లకి సులువు. అధికారి, కమాండర్ లాంటి నీటైన పాత్రలకి నేను ఎప్పుడూ ఇదే వాడతాను. ఉక్కపోత మాత్రం గట్టిగా ఉంటుంది, మే నెలలో బయట షూటింగ్‌కి వద్దు.

ఎయిర్ మెష్. స్పోర్ట్స్ షూ పైభాగానికి, బ్యాక్‌ప్యాక్ వెనక వాడే మూడు పొరల జాలీ గుడ్డ. చంకల కింద, పక్కటెముకల దగ్గర, మోకాళ్ల వెనక ఇది పెట్టండి. చూడ్డానికి యంత్రంలా ఉంటుంది, పైగా నటుడికి ఊపిరి ఆడుతుంది. ఇన్ని గుడ్డల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

రెక్సిన్. కారు సీట్లది. మోచేతులు, మోకాళ్లు, భుజాల మీద అతుకులకి సరిపోతుంది, మొత్తం సూట్ దాంతో కుట్టించొద్దు. ఒకసారి సూది దిగితే ఆ రంధ్రం పోదు, కాబట్టి గుండుసూదులు గుచ్చకుండా కాగితాల క్లిప్పులతో పట్టించండి. మిషన్ పాదం దాని మీద జారకపోతే పైన పలచటి బటర్ పేపర్ వేసి కుట్టి తర్వాత చింపేయాలి.

వెండి లామే, ఫాయిల్ గుడ్డ. ఒద్దు. స్కూల్ యానివర్సరీ గుర్తొస్తుంది. ఒక పైపింగ్ అంత, ఒక కాలర్ అంత చాలు.

## 4. షాపులో నిలబడి చేయాల్సిన పరీక్షలు

మొదటిసారి వెళ్లినప్పుడు మీటర్లు కొనకండి. ప్రతి దాంట్లో ఒక జానెడు ముక్క, లేదా పావు మీటరు తీసుకోండి. హోల్‌సేల్ షాపు అంత తక్కువ కోయకపోతే కట్ పీస్ షాపులో అలాంటిదే వెతకండి. షాపులోనే ఇవి చేసేయండి:

- ఫోన్ కెమెరాతో గుడ్డని దగ్గర్నుంచీ, ఆరడుగుల దూరం నుంచీ వీడియో తీయండి. సన్న చారలు, సన్న గళ్లు ఉంటే తెరమీద అలల్లా కదులుతాయి. అలా కదిలితే వదిలేయండి.
- ఫ్లాష్ వేసి ఒక ఫొటో. కొన్ని గుడ్డలు ట్యూబ్‌లైట్ కింద మామూలుగా ఉండి ఫ్లాష్‌లో అద్దంలా మెరుస్తాయి.
- నలుపు కొంటుంటే వీధిలోకి తెచ్చి ఎండలో చూడండి. కొన్ని నల్ల పాలిస్టర్లు కెమెరాలో గోధుమ రంగులోకో ఊదాలోకో తిరుగుతాయి, రెండు షాపుల నలుపులు పక్కపక్కన పెడితే కలవవు.
- చెవి దగ్గర పెట్టి నలపండి. చప్పుడు మీకు వినబడితే మైక్‌కీ వినబడుతుంది.
- గుప్పిట్లో పది సెకన్లు గట్టిగా నలిపి వదలండి. మడత ఉండిపోతే ప్రతి టేక్‌కీ ఇస్త్రీ చేయాలి.
- తడి కర్చీఫ్‌తో రుద్దండి. రంగు దిగితే చెమటకి నటుడి మెడంతా అదే రంగు.

కాటనా, సింథటికా అని అనుమానముంటే ఇంటికొచ్చాక నాలుగు పోగులు పీకి స్టీలు పళ్లెంలో కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇంట్లో వాడే మామూలు రంగులు పాలిస్టర్‌కి పట్టవు. "తెల్లది కొని రంగేసుకుందాంలే" అనుకునేవాళ్లు ఇక్కడే మునిగిపోతారు. టెర్రీకాటన్ అయితే అందులోని కాటన్ వరకే రంగు పట్టి వెలిసిపోయినట్టు వస్తుంది, పాత సూట్ కావాలంటే మాత్రం అది లాభమే.

ముక్కలన్నీ ఒక అట్ట మీద అంటించి, కింద షాపు, వీధి, పన్నా, ధర రాయండి. ఆ అట్టని షూటింగ్ లైట్ల కింద ఒకసారి తీసి చూశాకే మీటర్లు కొనాలి.

## 5. చెన్నైలో తిరిగే వరస

నమూనాలు చూసి తేల్చుకున్నాక, కొనడానికి రెండు రోజులు పెట్టుకోండి. ఆ రెండిట్లో ఆదివారం రాకుండా చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి, ఆదివారం గోడౌన్ స్ట్రీట్ ఉన్న జార్జిటౌన్‌లో హోల్‌సేల్ వీధులు చాలావరకు మూసే ఉంటాయి. బండి తీసుకెళ్లొద్దు, పార్కింగ్ టెన్షన్‌తోనే రోజు గడిచిపోతుంది. హైకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగి నడవండి.

మొదటి రోజు, గుడ్డలు. గోడౌన్ స్ట్రీట్‌తో మొదలు. చుట్టుపక్కల సందుల్లో లైనింగ్, బక్రం (కాలర్ లాంటివి గట్టిగా నిలవడానికి లోపల వేసే గుడ్డ), జిప్పులు, బటన్లు దొరుకుతాయి. తమిళం రాదని భయపడకండి, అక్కడ తెలుగు వచ్చిన వ్యాపారులకి కొదవ లేదు, లేదంటే హిందీ నడుస్తుంది. ప్లాస్టిక్ షీట్లు, అద్దాల సామాను కావాలంటే దేవరాజ ముదలి వీధి వైపు వెళ్లండి. అక్కడ నాకు ప్లాస్టిక్ డబ్బాల మూతలు, గరాటులు, గొట్టాలు చూస్తే చేతులు ఊరుకోవు, అవన్నీ రంగు వేశాక ఆక్సిజన్ వాల్వులే. ఆ షాపుల్లో అరగంట ఎక్కువే పెట్టుకోండి.

రెండో రోజు, గట్టి సామాను. సెంట్రల్ పక్కనే పెరియమేడు. తోలు, చెప్పుల తయారీ సామాను బజారు అది. ఈవీఏ షీట్లు (చెప్పులకి వాడే ఫోమ్, కవచానికి ఇదే), ఎయిర్ మెష్, రబ్బరు బంక, బకిళ్లు ఒకే చోట దొరికే బజారు ఇంతకంటే మంచిది నాకు తెలియదు. అక్కడినుంచి మౌంట్ రోడ్ వైపు వచ్చి రిచీ స్ట్రీట్‌లో లైట్లు, వైర్లు, చిన్న ఫ్యాన్లు. దగ్గర్లోనే జనరల్ ప్యాటర్స్ రోడ్, కారు సీట్ల రెక్సిన్‌కి, స్టిక్కర్ షీట్‌కి. ఓపిక మిగిలితే పుదుపేటలో పాత బండ్ల విడిభాగాలు చూడండి, ఒక పాత గొట్టం, ఒక గేజ్ డయల్ చాలు, వీపు పెట్టె మీద బిగిస్తే ఎన్ని గంటల పెయింటింగూ దానికి సాటి రాదు. బరువు మాత్రం చూసుకోండి.

వడపళని, సాలిగ్రామం వైపు సినిమా డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులున్నాయి. కొనడానికి ముందు ఒకసారి వెళ్లి చూడండి, బూట్లు, గ్లోవ్స్, బెల్టులు అద్దెకి దొరికితే ఆ డబ్బు గుడ్డ మీద పెట్టొచ్చు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: టేపు, కొలతల కాగితం, నమూనాల అట్ట, మార్కర్, కవచం ముక్కల పేపర్ కటింగులు, చిల్లర, నీళ్లు. కోసిన గుడ్డ ఎవరూ వెనక్కి తీసుకోరు, కాబట్టి కత్తెర పడేముందు పన్నా మీరే కొలిచి, తాను లోపలి మడతల్లో మరకలు, చిల్లులు ఉన్నాయేమో విప్పించి చూడండి.

## 6. కవచం: ఈవీఏ షీటు

థర్మోకోల్ వద్దు, విరుగుతుంది. సన్‌బోర్డ్, అంటే బోర్డులకి వాడే గట్టి ప్లాస్టిక్ ఫోమ్ షీటు, చదునైన వాటికి సరే, వంగదు. కవచానికి ఈవీఏ సరైనది, చెప్పుల అట్టకి వాడేదే.

2 మి.మీ. షీటు అలంకారానికి, గీతలకి. 4 లేదా 5 మి.మీ. ముంజేతులకి, పిక్కలకి. 8 నుంచి 10 మి.మీ. ఛాతీకి, భుజాలకి. కొనేటప్పుడు గోరుతో నొక్కండి. గుంట వెంటనే నిండితే మంచి సరుకు, అలాగే ఉండిపోతే మెత్తది, రంగేశాక ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది. షీటు కొలతలు షాపుని బట్టి మారతాయి కాబట్టి పేపర్ కటింగులు షీటు మీద పరిచి చూసుకునే లెక్కవేయండి. ముందు సాధనకి పిల్లల గదిలో పరిచే జిగ్‌సా మ్యాట్లు సరిపోతాయి.

వరస ఇది:

1. పేపర్ కటింగ్ నటుడి ఒంటి మీద టేపుతో అంటించి చూడండి.
2. షీటు మీద గీసి కొత్త బ్లేడుతో కోయండి. బ్లేడు మొద్దుబారితే అంచు నమిలినట్టు వస్తుంది, పిసినారితనం వద్దు, మార్చేయండి.
3. హీట్ గన్ పట్టండి. పైపొర కొద్దిగా నిగనిగలాడగానే ఆపాలి. అప్పుడు మోకాలి మీదో బిందె మీదో వంచి చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు ఉండిపోతుంది. ఈ వేడికి పైన సన్న రంధ్రాలు కూడా మూసుకుంటాయి.
4. రబ్బరు బంక, ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటిది, రెండు అంచులకీ పలచగా రాయండి. పది, పదిహేను నిమిషాలు ఆగండి. వేలికి అంటనప్పుడే కలపాలి, కలిపాక జరపడం కుదరదు.
5. ఒక రోజంతా వదిలేయండి.

నాలుగో మెట్టు దగ్గర తొందరపడితే ఏమవుతుందో నాకు బీసెంట్ నగర్ బీచ్‌లో తెలిసింది. ముందు రోజు రాత్రి, వానాకాలం, తడి తడిగానే అంటించేశాను. తెల్లవారుజామున ఐదున్నరకి హీరో పరిగెత్తుతుంటే ఎడమ భుజం ప్లేటు ఊడి ఇసుకలో పడింది, మేము కెమెరా ఆపేలోపు ఒక కుక్క దాన్ని నోట కరుచుకుని పరుగు. సినిమాలో చివరికి ఎడమ భుజం లేకుండానే ఉంది, యుద్ధంలో పోయిందని ఒక డైలాగ్ కలిపారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గాల్లో తేమ ఎక్కువ, బంక ఆరడానికి చెప్పినదానికంటే ఎక్కువసేపు ఆగండి.

ఆ బంక ఆవిరి తలకెక్కుతుంది, మంటకి అంటుకుంటుంది. మేడ మీద, గాలి ఆడేచోట రాయండి, వాసన పూర్తిగా పోయేదాకా హీట్ గన్ ముట్టుకోవద్దు.

రంగు నేరుగా వేయకూడదు. ముందు తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి మూడు నాలుగు పలచటి పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి, ఆ తర్వాత అక్రిలిక్ రంగు. వంగే చోట్ల ఈ పూత చిట్లుతుంది, చెమట తగిలితే మెత్తబడుతుంది కూడా, కాబట్టి మోచేయి, నడుము దగ్గర కార్లకి వాడే రబ్బరు పూత స్ప్రే మంచిది.

## 7. పట్టీలు, జిప్పులు, బాత్రూం

కవచాన్ని గుడ్డకి అంటించకండి. అంటిస్తే సూట్ ఉతకలేరు. ప్రతి ప్లేటూ నవారు పట్టీలతో, బ్యాగు బకిళ్లతో తగిలించేలా ఉండాలి. నవారు 25 మి.మీ., 38 మి.మీ., 50 మి.మీ. వెడల్పుల్లో దొరుకుతుంది. బకిల్ చేతిలో పెట్టుకుని దానికి సరిపోయే నవారు కొనండి, విడివిడిగా కొంటే ఒకటి ఇంకోదాంట్లో దూరదు. వెల్క్రో అంటించుకునే రకం చెన్నై ఎండకి జారిపోతుంది, కుట్టే రకం తీసుకోండి.

జిప్పు ముందువైపే పెట్టండి. ఫొటోల్లో వెనక జిప్పు అందంగానే ఉంటుంది కానీ నటుడికి బాత్రూం అవసరం వచ్చినప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. మెడ నుంచి కాళ్ల సందు దాకా, రెండు వైపులా తెరుచుకునే రన్నర్ ఉన్న 8 నంబర్ జిప్పు అడగండి, పైన ఒక ఫ్లాప్ కుట్టేస్తే కనబడదు.

దారం పాలిస్టర్ దారమే. లైక్రా, స్కూబాకి బాల్ పాయింట్ సూది, రెక్సిన్‌కి 16 లేదా 18 నంబర్. రెక్సిన్, నవారు పని మీ జాకెట్ల టైలర్‌కి ఇవ్వకండి, ఆయన మిషన్ పాడవుతుంది, మీ స్నేహమూ పాడవుతుంది. బ్యాగులు కుట్టేవాళ్లకి, సీటు కవర్లు కుట్టేవాళ్లకి అది రోజూ చేసే పని.

## 8. హెల్మెట్, లైట్లు

త్రీడీ ప్రింట్ చేయిస్తే ఏ ప్లాస్టిక్ అని అడగండి. మామూలుగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో పార్క్ చేసిన కారులో వదిలితే హెల్మెట్ అప్పడంలా వంకర పోతుంది. పెట్‌జీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ నయం.

ముందు అద్దానికి ఫ్యాక్టరీల్లో వాడే ఫేస్ షీల్డ్ కొనుక్కుని కోసుకోండి, పైన సన్ ఫిల్మ్ వేస్తే రంగు వస్తుంది. ఆ అద్దంలో కెమెరామన్, లైట్ స్టాండ్ కనబడతాయి, కొంచెం కిందకి వాలేలా బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. లోపల ఆవిరి పట్టకుండా అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క పలచగా రుద్ది తుడిచేయండి, మెడ దగ్గర 5 వోల్టుల చిన్న ఫ్యాన్ పెట్టండి. గాలి దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి, హెల్మెట్‌ని మెడ దగ్గర ఎక్కడా మూసేయొద్దు.

లైట్లకి 5 వోల్టుల స్ట్రిప్ తీసుకుంటే పవర్ బ్యాంక్‌తో వెలుగుతుంది. రంగులు మారే రకం, ఒక్కో బల్బు విడిగా వెలిగేది, పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీ యాంపియర్ల దాకా లాగుతుంది, అంటే 60 బల్బులకి 3.6 యాంపియర్లు. మామూలు పవర్ బ్యాంకులు చాలావరకు అంత ఇవ్వలేవు. ఇరవై బల్బులు, సగం వెలుతురు, అంతకి మించి అక్కర్లేదు. ఇంకో చిక్కు, కరెంటు మరీ తక్కువ లాగితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, అందుకని ఫ్యాన్, లైటు ఒకేదానికి కలపండి. వెలుతురు తగ్గించినప్పుడు వీడియోలో చారలు వస్తాయేమో షూటింగ్ కెమెరాతోనే చూసుకోండి, వస్తే షట్టర్ స్పీడ్ మార్చాలి లేదా లైటుని పూర్తిగా వెలిగించి పైన ట్రేసింగ్ పేపర్ వేయాలి.

## 9. కొత్తదనం పోగొట్టడం

కొత్త సూట్ కెమెరాలో కొత్తగానే కనబడుతుంది, అప్పుడు పాత్ర ఇవాళే షాపులోంచి వచ్చినట్టు ఉంటుంది. కాటన్ అయితే చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి తీయండి, తెలుపు చస్తుంది. మోచేతులు, మోకాళ్లు, జేబు అంచులు 220 నంబర్ గరుకు కాగితంతో రుద్దండి. కవచానికి నల్ల అక్రిలిక్‌ని నీళ్లలా కలిపి పూసి వెంటనే తుడిచేస్తే సందుల్లో మురికి నిలుస్తుంది, అంచుల మీద పొడి బ్రష్‌తో కాస్త వెండి రంగు. మనిషి చేయి ఎక్కడ తగులుతుందో అక్కడే అరగాలి, ఒళ్లంతా సమానంగా మురికి పూస్తే హోలీ ఆడినట్టు ఉంటుంది.

## 10. తరచూ వచ్చే ఇబ్బందులు, అప్పటికప్పుడు చేయాల్సింది

- గుడ్డ చప్పుడు చేస్తోంది: చంకలు, తొడల లోపలి వైపు పాత టీషర్ట్ గుడ్డ అతికించి కుట్టండి.
- కుట్టు దగ్గర లైక్రా పటుక్కుమంటోంది: నేరు కుట్టు వేశారు. జిగ్‌జాగ్ వేయించండి.
- ప్లేటు నడుస్తుంటే జారుతోంది: పట్టీ ఒక్కటే ఉంది. రెండోది అడ్డంగా, చంక కిందుగా వేయండి.
- రంగు పెచ్చులూడుతోంది: పూత లేకుండా వేశారు, లేదా మందంగా వేశారు. గీకేసి పలచగా మళ్లీ వేయాలి, వేరే దారి లేదు.
- ఇస్త్రీకి గుడ్డ మెరుపు తేలింది: సింథటిక్ కాలింది. ఆ చోట ఒక రెక్సిన్ అతుకు వేసి డిజైన్ అనండి.
- నటుడికి కళ్లు తిరుగుతున్నాయి: హెల్మెట్ తీసి, జిప్పు విప్పి, నీడలో కూర్చోబెట్టండి, షాట్ ఆగనివ్వండి. ఎండాకాలం అయితే ఒక్కో టేక్ మధ్యా హెల్మెట్ తీయించి నీళ్లు తాగించండి.

## 11. షూటింగ్ రోజు సంచి

సూది, అదే రంగు దారం, పిన్నీసులు, నల్ల టేపు, రెండు వైపులా అంటే టేపు, ఫెవిక్విక్, రబ్బరు బంక చిన్న డబ్బా, కత్తెర, రెండు బకిళ్లు, మూర నవారు, పవర్ బ్యాంక్ ఇంకోటి, సూట్ రంగు అక్రిలిక్, చిన్న బ్రష్, టాల్కమ్ పౌడర్, రెండు టవళ్లు. మిగిలిన అర మీటరు గుడ్డ కూడా మడిచి అందులోనే పెట్టండి. బీచ్ అయితే ఒక బిస్కెట్ ప్యాకెట్ కూడా, కుక్కల కోసం.